మళ్లీ కొత్త పాత్రా? (సందేహాలు - సమాధానాలు)

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు ఆడేవాళ్ల నుంచి వచ్చే ఉత్తరాల్లో ఒక ప్రశ్న పదేపదే కనిపిస్తోంది. నాలుగు సెషన్లు ఆడగానే పాత్ర మార్చేసే ఆటగాడితో ఎలా వేగాలి? గేమ్ మాస్టర్లు (డీఎంలు) రాశారు, తోటి ఆటగాళ్లు రాశారు, మార్చేవాళ్లు కూడా రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ విషయానికే కేటాయించాం. ఎక్కువమంది ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అందులోంచే ఉంటాయి.

ప్రశ్న: ప్రతి ఆదివారం మా ఇంట్లో ఐదుగురం ఆడతాం. నేనే డీఎంని. మా స్నేహితుడొకడు ఎనిమిది నెలల్లో నాలుగు పాత్రలు మార్చాడు. మొదట పాలడిన్, తర్వాత రోగ్, ఆ తర్వాత డ్రూయిడ్, ఇప్పుడు వార్‌లాక్. ప్రతి పాత్ర కోసం నేను కథలో ఒక పాత శత్రువునో, తప్పిపోయిన తమ్ముణ్నో పెడతాను. వాళ్లు కథలోకి వచ్చేసరికి ఆ పాత్రే ఉండదు. ఇక మార్చడానికి వీల్లేదని చెప్పేయమంటారా?
- ఒక గేమ్ మాస్టర్, హైదరాబాద్

సమాధానం: ఆ మాట ఇప్పుడే అనకండి. వీల్లేదంటే పాత్ర మిగులుతుంది కానీ ఆటగాడికి ఆట మీద మనసుండదు. తన వంతు వచ్చినప్పుడు ఫోన్లోంచి తలెత్తి పాచిక వేస్తాడు. లేదా పాత్రని కావాలనే చావుకి ఎదురు పంపి కొత్త పాత్ర షీట్ తీస్తాడు.

ముందు కారణం తెలుసుకోండి. ఆట లేని రోజు, మిగతావాళ్లు లేనప్పుడు అడగండి. "ఎందుకు మారుస్తున్నావు?" అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది. "నువ్వు ఆడినవాటిలో ఏ సెషన్ బాగా నచ్చింది? ఎక్కడ విసుగొచ్చింది?" అని అడగండి. జవాబు సాధారణంగా ఐదు కారణాల్లో ఏదో ఒకటిగా తేలుతుంది. ఒక్కోదానికి మందు వేరు.

మొదటిది, పుస్తకంలో చదివినప్పుడు ఊహించుకున్న పాత్రకీ ఆటలో దొరికిన పాత్రకీ పొంతన లేకపోవడం. 2024లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో పన్నెండు క్లాసులున్నాయి. ఏ క్లాసుకైనా సబ్‌క్లాస్ వచ్చేది 3వ లెవెల్లోనే. ఫైటర్ ఒకే వంతులో రెండుసార్లు దాడి చేయగలిగేది, విజార్డ్ చేతికి ఫైర్‌బాల్ చిక్కేది 5వ లెవెల్లో. అనుభవ పాయింట్ల లెక్కన ఆ లెవెల్‌కి 6,500 కావాలి. మీ స్నేహితుడు 2వ లెవెల్లోనే విసిగి వదిలేస్తుంటే, ఆ క్లాసు అసలు రుచి అతనింకా చూడలేదు. అలాంటప్పుడు మనిషిని ఉంచి షీట్ మార్చండి. పేరు, గతం, స్నేహాలు అవే ఉంటాయి. అంకెలూ శక్తులూ మారతాయి. ఈ ఆట అధికారిక కార్యక్రమమైన అడ్వెంచరర్స్ లీగ్‌లో 5వ లెవెల్‌కి చేరేలోపు పాత్రని ఇలా తిరగరాసుకోనిచ్చే నియమం ఉండేది. 2020లో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ పుస్తకం డీఎం ఒప్పుకుంటే సబ్‌క్లాస్ మార్చుకునే దారి కూడా చూపించింది.

రెండోది, పాత్రని తయారుచేయడంలోనే ఆనందం ఉండటం. కొందరికి ఆడటం కంటే కొత్త షీట్ నింపడం, బిల్డ్ ఆలోచించడం ఇష్టం. ఆ ఇష్టానికి పని కల్పించండి. మీ కథలోని ప్రత్యర్థి ముఠాలో నలుగుర్ని తయారుచేయమని అతనికే అప్పగించండి. రెండు మూడు నెలలకోసారి వన్-షాట్ (ఒక్క పూటలో ముగిసే ఆట) పెట్టి, దాచుకున్న బిల్డ్‌ని అక్కడ ఆడనివ్వండి.

మూడోది, తన పాత్రకి పని లేకపోవడం. పార్టీలో అప్పటికే ఒక రోగ్ ఉంటే రెండో రోగ్‌కి తాళాలు మిగలవు. మీ కథలో అన్నీ గుహలూ పోరాటాలే అయితే, మాటకారి బార్డ్ ఎవరితో మాట్లాడతాడు? ఇది సరిదిద్దాల్సింది మీరే. గత మూడు సెషన్లలో అతని పాత్ర వల్ల మాత్రమే సాధ్యమైన పని ఒక్కటైనా ఉందేమో గుర్తు చేసుకోండి. లేకపోతే వచ్చే ఆదివారానికి ఒకటి సిద్ధం చేయండి.

నాలుగోది, చేసినదాని ఫలితం తప్పించుకోవడం. దొంగల ముఠాకి అప్పు పడి, ఊరి పెద్దని మోసం చేసి, తీరా వాళ్లు వెతుక్కుంటూ వచ్చే వేళకి కొత్త మనిషిగా ప్రత్యక్షమవుతాడు. ఇక్కడ మాత్రం గట్టిగా ఉండండి. పాత్ర మారినా అప్పు మాఫీ కాదు. ఆ ముఠా మిగతా పార్టీని పట్టుకుంటుంది. ఆ సంగతి అతనికి ముందే చెప్పండి.

ఐదోది, కథ మీదే విసుగు. అతను మార్చిన ప్రతిసారీ కథ ఎక్కడుందో రాసి చూడండి. రాజకీయ మంతనాలు మొదలైన ప్రతిసారీ మార్చాడంటే, అతనికి నచ్చనిది పాత్ర కాదు, ఆ మంతనాలు. క్యాంపెయిన్ గురించి అందరితో మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే.

ఇక మీ బాధ గురించి. కథ బరువంతా ఒక్క పాత్ర గతం మీద మోపకండి. తప్పిపోయిన తమ్ముడు అందరూ బస చేసే సత్రం యజమానికి కూడా కావలసినవాడైతే, డ్రూయిడ్ వెళ్లిపోయినా అతన్ని వెతకడానికి పార్టీకి కారణం ఉంటుంది. కొత్తగా వచ్చిన వార్‌లాక్ ఆ తమ్ముణ్ని ఎక్కడో చూసినవాడే కావచ్చు. మీరు రాసుకున్నది ఒక్క పేజీ కూడా వృథా పోదు.

ప్రశ్న: అందరూ తిట్టుకునే ఆ ఆటగాణ్ణి నేనే. కొత్త పాత్ర ఆలోచన వస్తే రాత్రి నిద్రపట్టదు. ఆడటం మొదలుపెట్టిన నెలకే ఆ ఉత్సాహం చల్లారిపోతుంది. మా డీఎం ఏమీ అనడు కానీ ముఖం మాడ్చుకుంటాడు. నాలో ఏదైనా లోపమా?
- ఒక ఆటగాడు, బెంగళూరు

సమాధానం: లోపమేమీ లేదు. ఒక ఆటగాడికి ఒకే పాత్ర ఉండాలన్న పట్టింపు ఈ ఆట పుట్టినప్పుడు అంతగా లేదు. 1974లో డేవ్ ఆర్నెసన్‌తో కలిసి డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ని తెచ్చిన గ్యారీ గైగాక్స్, మోర్డెన్‌కైనెన్ అనే మాంత్రికుడితో పాటు యిరాగ్ అనే యోధుణ్ని కూడా ఆడేవాడు. ఆ రోజుల్లో ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు షీట్లుండటం మామూలే. నెలల తరబడి ఒకే కథ, ఆ కథలో ప్రతి పాత్రకీ సొంత ప్రయాణం అనే పద్ధతి తర్వాత బలపడింది. మీ డీఎం నడిపేది ఆ రెండో పద్ధతి అయితే, అతని శ్రమకి మీరు కొంత జవాబుదారీ.

మూడు పనులు చేసి చూడండి. ఒకటి, కొత్త ఆలోచన రాగానే షీట్ నింపకండి. నోటు పుస్తకంలో నాలుగు వాక్యాలు రాసి పక్కన పెట్టండి. నెల తర్వాత కూడా అది పిలుస్తుంటే అప్పుడు డీఎంతో మాట్లాడండి. చాలా ఆలోచనలు ఆ నెల దాటవు.

రెండు, పాత్ర గతాన్ని కుదించండి. పది పేజీల బ్యాక్‌స్టోరీ రాస్తే ఆ మనిషి జీవితంలో గొప్ప ఘట్టాలన్నీ ఆట మొదలవకముందే అయిపోతాయి. ఉత్సాహం చల్లారడానికి ఇదే పెద్ద కారణం. ఎక్కడి నుంచి వచ్చాడు, ఎవరిని ప్రేమిస్తాడు, దేనికి భయపడతాడు, ఇప్పుడేం కావాలి అన్నది చెబితే చాలు. మిగతాది టేబుల్ దగ్గర తెలుసుకోండి.

మూడు, ప్రస్తుత పాత్రకి ఈ సాహసం ముగిసేలోగా తీరే ఒక చిన్న కోరిక పెట్టండి. "లోకాన్ని రక్షించాలి" అన్నది ఏడాదికి గానీ తీరదు. "అక్క పెళ్లికి నగలు విడిపించాలి" అన్నది మూడు సెషన్లలో తీరుతుంది. తీరిన రోజున ఆ పాత్ర మీద మీకు మమకారం పుడుతుంది. అప్పటికీ పుట్టకపోతే, కోరిక తీరింది కాబట్టి గౌరవంగా ఇంటికి పంపవచ్చు.

ప్రశ్న: మా పార్టీ 7వ లెవెల్లో ఉంది. పాత్ర మార్చినవాళ్లు ఏ లెవెల్లో మొదలుపెట్టాలి? పాత పాత్ర దగ్గరున్న మంత్రపు కత్తి ఎవరికి చెందుతుంది?
- ఒక డీఎం, విజయవాడ

సమాధానం: మిగతావాళ్లతో సమానంగా 7వ లెవెల్లోనే మొదలుపెట్టించండి. పాత రోజుల్లో చాలాచోట్ల కొత్త పాత్ర 1వ లెవెల్ నుంచే రావాలనేవాళ్లు. కానీ నేటి ఐదో ఎడిషన్ పోరాటాల్లో 7వ లెవెల్ శత్రువు వేసే ఒక్క దెబ్బకి 1వ లెవెల్ మనిషి నేలకూలతాడు. పాత్ర మార్చినందుకు అది శిక్ష అవుతుంది. ఆ ఆటగాడు గంటసేపు ఊరికే కూర్చుంటే టేబుల్ మొత్తానికి నష్టం.

వస్తువుల విషయంలో మాత్రం కచ్చితంగా ఉండాలి. వెళ్లిపోయే పాత్ర తన సొంత వస్తువులు తనతోనే తీసుకెళ్తుంది. పార్టీ ఉమ్మడిగా సంపాదించిన ధనం పార్టీదే. కొత్త పాత్ర ఆ లెవెల్‌కి మామూలుగా ఉండే సామగ్రితో వస్తుంది. ఈ నియమం లేకపోతే జరిగేది ఇదీ: పాత ఫైటర్ తన మంత్రపు కత్తిని స్నేహితుడికిచ్చి వెళ్లిపోతాడు, కొత్త ఫైటర్ ఇంకో మంత్రపు కత్తితో దిగుతాడు. నాలుగుసార్లు మార్చేసరికి పార్టీ చేతిలో ఆయుధశాల ఉంటుంది. మారినందుకు నష్టం ఉండకూడదు, లాభమూ ఉండకూడదు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే మిగతా తగాదాలు వాటంతటవే తీరతాయి.

ప్రశ్న: నా క్లెరిక్, మా స్నేహితుడి రేంజర్ కథలో అన్నాచెల్లెళ్లలా పెరిగారు. ఏడాదిపాటు ఆ బంధాన్ని ఇద్దరం కలిసి ఆడాం. పోయిన వారం అతను "రేంజర్ ఊరెళ్లిపోయాడు" అని ఒక్క మాటలో చెప్పి, కొత్త సోర్సరర్‌తో కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆట గురించి ఇంత బాధపడటం అతిగా ఉందా?
- ఒక క్రీడాకారిణి, విశాఖపట్నం

సమాధానం: అతి కాదమ్మా. ఏడాదిపాటు ఇద్దరు కలిసి అల్లిన కథని ఒకరు ఒక్క మాటతో తెంచేస్తే బాధ కలగడం సహజం. షీట్ అతనిదే అయినా, ఆ అన్నాచెల్లెళ్ల కథలో సగం మీది. అతను ఆ సంగతి మరిచిపోయాడు. కోపంగా కాకుండా అతనికి నేరుగా చెప్పండి: "నువ్వు మార్చుకోవడం నాకు ఇష్టమే. కానీ నా క్లెరిక్‌కి అన్న దగ్గర సెలవు తీసుకునే అవకాశం కావాలి."

ఇంకా ఆలస్యం కాలేదు. వచ్చే సెషన్లో పది నిమిషాలు డీఎంని అడిగి తీసుకోండి. రేంజర్ బయల్దేరే ముందురాత్రి జరిగిన సంభాషణని మీరిద్దరూ ఆడండి. అతను ఎందుకు వెళ్తున్నాడు, ఏమి ఇచ్చి వెళ్తున్నాడు, మళ్లీ ఎక్కడ కలవవచ్చు అన్నది అందులో తేలాలి.

వీడ్కోలుని సరిగా ఆడితే అది కథకి ఎంత బలమిస్తుందో చూడాలంటే, క్రిటికల్ రోల్ అనే షో మొదటి క్యాంపెయిన్ మంచి ఉదాహరణ. 2015 నుంచి 2017 వరకు ప్రసారమైన ఆ ఆటలో శామ్ రీగెల్ స్కాన్లన్ అనే బార్డ్‌ని ఆడాడు. అందర్నీ నవ్వించే ఆ పాత్ర, తన సహచరులకి తానెవరో నిజంగా తెలియదని మనసు విరిగి, వాళ్లతో గొడవపడి వెళ్లిపోతుంది. ఆ గొడవ టేబుల్ దగ్గర పూర్తిగా ఆడారు. ఆ తర్వాత శామ్ టారియన్ అనే కొత్త పాత్రతో వచ్చాడు. కొంతకాలానికి టారియన్ కథ ముగిసి స్కాన్లన్ తిరిగొచ్చాడు. ఒకే ఆటగాడు రెండుసార్లు పాత్ర మార్చినా కథ తెగిపోలేదు. ఆ వెళ్లిపోవడం వల్లే మిగతా పాత్రలు తమ స్నేహాన్ని తరచి చూసుకోవాల్సి వచ్చింది.

మీ డీఎంకి కూడా ఒక మాట. వెళ్లిపోయిన పాత్రని ఆ ఆటగాడి అనుమతి లేకుండా చంపకండి, ద్రోహిగా మార్చకండి. షీట్ ఫైల్లోకి వెళ్లినా ఆ మనిషిని సృష్టించింది అతనే.

ప్రశ్న: పాత్రలు మార్చడమే నియమంగా ఉండే ఆటలేమైనా ఉన్నాయా? మా బృందంలో ముగ్గురికి ఈ అలవాటుంది.
- ఒక బృందం, వరంగల్

సమాధానం: చాలా ఉన్నాయి. ముగ్గురికి అలవాటుందంటే మీరు మార్చుకోవాల్సింది ఆటనేమో ఆలోచించండి.

1987లో జోనథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగన్ రాసిన ఆర్స్ మాజికాలో ప్రతి ఆటగాడికీ ఒక మాంత్రికుడు, ఒక సహచరుడు ఉంటారు. వీళ్లు కాక, మాంత్రికుల కోటలో పనిచేసే సైనికులూ సేవకులూ అందరికీ ఉమ్మడి. ఏ సాహసానికి ఎవరు అవసరమైతే వాళ్లని ఆడతారు. కథ చెప్పే బాధ్యత కూడా చేతులు మారవచ్చు. మన సురభి నాటక సమాజం ఇలాగే నడిచింది. ఈ రాత్రి కృష్ణుడు వేసిన నటుడు రేపు ఇంకో వేషం కడతాడు; నాటకాన్ని నిలబెట్టేది సమాజం. ఆర్స్ మాజికాలో ఆ సమాజం స్థానం మాంత్రికుల కోటది.

1991లో వచ్చిన డార్క్ సన్ ప్రపంచం ఎడారి. అక్కడ చావు ఎక్కువ. అందుకని ప్రతి ఆటగాడూ నాలుగు పాత్రలు ముందే తయారుచేసుకోవాలి. ఒకటి ఆటలో ఉంటుంది, మూడు వేచి ఉంటాయి. ఆడుతున్న పాత్ర లెవెల్ పెరిగినప్పుడల్లా వేచి ఉన్నవాటిలో ఒకదానికి కూడా లెవెల్ పెంచుకోవచ్చు. మీ దగ్గర డార్క్ సన్ పుస్తకం లేకపోయినా ఈ పద్ధతిని ఏ క్యాంపెయిన్‌లోనైనా పెట్టుకోవచ్చు. మీ ముగ్గురికీ సరిగ్గా సరిపోయేది ఇదే.

గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో తెచ్చిన పెండ్రాగన్‌లో ఆర్థర్ రాజు కాలపు నైట్‌గా ఆడతారు. ఏళ్లు గడుస్తాయి, పెళ్లిళ్లవుతాయి, తండ్రి పోయాక కొడుకుని ఆడతారు. వంశం కొనసాగుతుంది. జాన్ హార్పర్ రాసిన బ్లేడ్స్ ఇన్ ది డార్క్‌లో, 2017 నాటిది, దొంగల ముఠాకే వేరే షీట్ ఉంటుంది. ఒక పాత్రకి నాలుగో ట్రామా (మానసిక గాయం) తగిలితే ఆ వృత్తికి పనికిరాకుండా పోతుంది. మరొకరు వస్తారు, ముఠా ఎదుగుతూనే ఉంటుంది. కొత్త పాత్రల్ని విడవకుండా చేస్తూ ఉండాలన్న సరదా తీరాలంటే 2012 నాటి డంజియన్ క్రాల్ క్లాసిక్స్ ఆడండి. ప్రతి ఆటగాడూ కొందరు మామూలు పల్లెజనంతో గుహలోకి దిగుతాడు. బతికి బయటపడ్డవాళ్లే 1వ లెవెల్ వీరులవుతారు.

ఈ ఆటల్లో చాలావాటిలో ఒక పోలిక ఉంది. పాత్ర పోయినా నిలిచి ఉండేది ఇంకొకటుంటుంది: కోట, వంశం, ముఠా. మీ సొంత క్యాంపెయిన్‌లో కూడా అలాంటిదొకటి పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. స్నేహితురాళ్లతో కలిసి ఆడుతుంది, నేనే డీఎంని. ప్రతి వారం కొత్త పాత్ర కావాలంటుంది. మొదలుపెట్టింది పూర్తిచేయడం నేర్పాలి కదా, ఒకే పాత్రకి కట్టుబడమని చెప్పనా?
- ఒక తల్లి, డాలస్

సమాధానం: ఆ వయసులో బలవంతం చేయకండి. ఈ వారం గుర్రమెక్కిన యోధురాలు, వచ్చే వారం పిల్లిగా మారే మాంత్రికురాలు: తాను ఏమేమి కాగలదో ఊహించుకుంటోంది. ఆటకి ఉన్న అసలు విలువ అదే. పట్టుదల నేర్పడానికి హోంవర్కు ఉంది, సంగీతం క్లాసు ఉంది.

మీరు చేయగలిగిందల్లా సాహసాన్ని ఒక్క పూటలో ముగిసేలా అల్లడం. పిల్లలందరూ ఒక ఓడకో, ఒక ఊరికో చెందినవాళ్లని పెట్టుకోండి. ఏ వారం ఎవరు వచ్చినా ఆ ఓడ మనుషులే. పాత పాత్రల షీట్లన్నీ ఒక ఫైల్లో దాచండి. కొన్నాళ్లకి ఆ ఫైలు తిరగేసి, "ఈమెకి తర్వాత ఏమైంది?" అని అడగండి. చాలామంది పిల్లలు అక్కడి నుంచి తమంతట తామే పాత పాత్రల దగ్గరికి వెళ్తారు.

ప్రశ్న: ఇన్ని చెప్పాక కూడా ఒకడు మారుస్తూనే ఉంటే?
- ఒక డీఎం, తిరుపతి

సమాధానం: అప్పుడు నియమం పెట్టండి. అందర్నీ కూర్చోబెట్టి, అందరి సమ్మతితో పెట్టండి. క్యాంపెయిన్‌కి ముందు జరిపే సెషన్ జీరో దీనికి సరైన సందర్భం; అది దాటిపోయి ఉంటే ఆట మధ్యలో ఒక పూట ఆగి మాట్లాడుకోవచ్చు. నాలుగు అంశాలు చాలు. పాత్ర మార్పు ఒక సాహసం ముగిశాకే జరగాలి. కనీసం రెండు సెషన్ల ముందు డీఎంకి చెప్పాలి. వెళ్లే పాత్రకి టేబుల్ దగ్గర వీడ్కోలు జరగాలి. వచ్చే పాత్రకి పార్టీలో కనీసం ఒకరితో ముందే పరిచయం ఉండాలి.

ఈ నాలుగింటికీ ఒప్పుకోని ఆటగాడికి మీ సుదీర్ఘ క్యాంపెయిన్ సరిపడదు. స్నేహం చెడకుండానే ఆ మాట చెప్పి, వన్-షాట్లకి పిలవండి. ఒప్పుకున్నవాడు ఎన్నిసార్లు మార్చినా మార్చనివ్వండి. ఇష్టంలేని పాత్రతో ఏడాది లాక్కొచ్చిన ఆటగాడి కంటే, ఇష్టంగా మూడు పాత్రలు ఆడి ప్రతిదానికీ మంచి ముగింపు ఇచ్చిన ఆటగాడే టేబుల్‌కి మేలు చేస్తాడు.